ఎస్టీమ్ 1.3 ఇంజన్‌కి ఇగ్నిషన్ టైమింగ్ టేబుల్: ఎక్కడ ఎంత అడ్వాన్స్ ఇవ్వాలి, ఎందుకు?

పాలకొల్లు_ఎస్టీమ్:

అందరికీ నమస్కారమండి. బండి మారుతీ ఎస్టీమ్, 1.3 లీటర్ల 16 వాల్వుల ఇంజన్, బోర్ 74, స్ట్రోక్ 75.5 మి.మీ. హెడ్ 0.8 మి.మీ. ఫేసింగ్ చేయించాం (అంటే కింది ముఖాన్ని అంత మేర చెక్కించాం). బ్యూరెట్‌తో చాంబర్ కొలిస్తే కంప్రెషన్ 9.5 నుంచి 10.3 అయింది. కామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) 264 డిగ్రీలది, హెడర్స్ (ఎగ్జాస్ట్ గొట్టాలు) 4-2-1. కంపెనీ ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) తీసేసి, ప్రోగ్రాం చేసుకునే ఈసీయూ పెట్టాం. క్రాంక్ పుల్లీకి 36-1 పళ్ల చక్రం (36లో ఒక పన్ను ఖాళీ), వేస్టెడ్ స్పార్క్ కాయిల్ (ప్రతి చుట్టుకీ స్పార్క్ ఇచ్చేది), వైడ్‌బ్యాండ్ (మిక్చర్ కొలిచే ఎగ్జాస్ట్ సెన్సర్) ఉన్నాయి. పోసేది పంపులో దొరికే మామూలు ఈ20 (20 శాతం ఎథనాల్ కలిసిన) పెట్రోల్.

ఇప్పుడున్న టైమింగ్ టేబుల్ (ఏ ఆర్పీఎంలో, ఏ లోడ్‌లో స్పార్క్ ఎన్ని డిగ్రీలు ముందు పడాలో గడుల్లో రాసే పట్టిక; ఆ ముందు డిగ్రీలే అడ్వాన్స్) ఒక పాత వీ8 ఇంజన్‌ది. అందులో 3000 ఆర్పీఎం నుంచి పైకి, ఫుల్ థ్రాటిల్‌లో 34 డిగ్రీలు. నాలుగో గేరులో 2500–3500 మధ్య యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే టింగుటింగుమని మోత (నాకింగ్, అంటే మంట చేరకముందే మిగిలిన మిక్చర్ తనంతట పేలడం) వస్తోంది. టేబుల్ మొత్తం మీద 10 డిగ్రీలు తగ్గిస్తే మోత పోయింది కానీ, 70 స్పీడులో మామూలుగా వెళ్తుంటే బండి ఈడుస్తోంది, మైలేజీ పడిపోయింది, హెడర్స్ విపరీతంగా వేడెక్కుతున్నాయి. 5500 పైన కూడా ఊపు లేదు.

ఒకే ఇంజన్‌కి ఒకచోట ఎక్కువై, ఇంకోచోట తక్కువ ఎందుకవుతోంది? ఏ గడిలో ఎంత పెట్టాలో తేల్చే పద్ధతి ఏమిటి? దగ్గరలో డైనో (ఇంజన్ బలం కొలిచే యంత్రం) లేదు.

గౌతమి_గట్టు:

తమ్ముడూ, టేబుల్ మొత్తాన్ని ఒకే అంకెతో పైకీ కిందికీ జరపడం వల్లే ఈ తంటా. మంట పూర్తవడానికి కొంత సమయం కావాలి. ఆ సమయం ప్రతి గడిలో ఒకలా ఉండదు. సిలిండర్‌లో ప్రెషర్ శిఖరం టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటు) దాటాక సుమారు 12–16 డిగ్రీల దగ్గర పడితే క్రాంక్‌కి పూర్తి బలం అందుతుంది. ఆ శిఖరం అక్కడ పడేలా స్పార్క్ ఎంత ముందు వేయాలన్నదే అసలు లెక్క. పూర్తి టార్క్ వచ్చే అతి తక్కువ అడ్వాన్స్‌ని ఎంబీటీ అంటారు. అది దాటి ఇంకా ముందుకు జరిపితే పైకొచ్చే పిస్టన్‌కి ఎదురు ఒత్తిడి పెరగడం తప్ప లాభం లేదు.

ఆర్పీఎం పెరిగితే ఒక్కో డిగ్రీకి దొరికే సమయం తగ్గుతుంది, అందుకని అడ్వాన్స్ పెంచాలి. అయితే స్పీడుతో పాటు సిలిండర్ లోపల గాలి సుడి కూడా పెరుగుతుంది, మంట వేగంగా పాకుతుంది. కాబట్టి 4500–5000 దాటాక గీత దాదాపు చదునవుతుంది. లోడ్ సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. థ్రాటిల్ సగం మూసి ఉన్నప్పుడు సిలిండర్‌లో మిక్చర్ పలచన, పాత పొగ వాటా ఎక్కువ, మంట నెమ్మది. అక్కడ 34–36 డిగ్రీలు అడుగుతుంది. ఫుల్ థ్రాటిల్‌లో మిక్చర్ దట్టం, మంట త్వరగా అయిపోతుంది, అదే ఆర్పీఎంలో 20 చాలవచ్చు. మీరు తగ్గించిన 10 డిగ్రీలు ఫుల్ థ్రాటిల్ గడుల్లో అవసరమైనవే, క్రూజ్ (నిలకడ స్పీడులో మామూలుగా వెళ్లే) గడుల్లో మాత్రం నష్టం. ఆలస్యంగా మండిన మిక్చర్ పిస్టన్‌ని తోయాల్సిన వేడిని ఎగ్జాస్ట్ పోర్టులోకి వదిలేస్తుంది. హెడర్స్ వేడెక్కింది అందుకే. రిటార్డ్ చేస్తే (అడ్వాన్స్ తగ్గిస్తే) ఎప్పుడూ క్షేమమే అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఎగ్జాస్ట్ వాల్వులు కాలేది అక్కడే.

మీరు చేసిన మార్పుల్లో ఒక్కోటీ ఒక్కో వైపు లాగుతుంది. కంప్రెషన్ పెరిగితే మంట వేగం పెరుగుతుంది, నాకింగ్‌కి ఉన్న దూరం తగ్గుతుంది. రెండు కారణాల వల్లా ఫుల్ లోడ్‌లో అడ్వాన్స్ తగ్గాలి. పెద్ద కామ్‌తో ఐడిల్‌లోనూ కింది ఆర్పీఎంలోనూ పాత పొగ సిలిండర్‌లో మిగిలి మంట మందగిస్తుంది, అక్కడ కంపెనీ టైమింగ్ కన్నా 3–5 డిగ్రీలు ఎక్కువ అడుగుతుంది. కామ్, హెడర్స్ కలిసి సిలిండర్ బాగా నిండే చోటు, అంటే టార్క్ శిఖరం దగ్గర, మళ్లీ తక్కువ కావాలి. అందుకే మంచి టేబుల్‌లో ఫుల్ థ్రాటిల్ వరస ఒకే వాలుగా ఉండదు, టార్క్ శిఖరం దగ్గర కొంచెం కుంగి ఉంటుంది.

ఆ వీ8 టేబుల్ పూర్తిగా పక్కన పెట్టేయండి. పాత రెండు వాల్వుల హెడ్‌లో బోర్ పెద్దది, ప్లగ్గు ఒక పక్కకి ఉంటుంది, మంట చాలా దూరం పాకాలి. 34–36 దానికి న్యాయమే. మీది 74 మి.మీ. బోర్, నాలుగు వాల్వుల మధ్య ప్లగ్గు. ఫుల్ థ్రాటిల్‌లో మొదలుపెట్టడానికి నేనైతే ఇలా వేస్తాను: 1000కి 10, 2000కి 15, 3000కి 17, 4000కి 20, 5000కి 23, 6000కి 24. ఇవి ఆఖరి అంకెలు కావు, కావాలనే తక్కువగా పెట్టినవి. క్రూజ్‌కి, ఇన్‌టేక్ ప్రెషర్ 40 కిలోపాస్కల్ దగ్గర, 2500–3000 మధ్య 32తో మొదలుపెట్టండి. మధ్య గడులు నునుపుగా కలపండి. పక్కపక్క గడుల మధ్య 5 డిగ్రీలకు మించి తేడా ఉంటే థ్రాటిల్ కదిపినప్పుడల్లా బండి కుదుపుతుంది.

వశిష్ట_16వాల్వ్:

పైన చెప్పిందంతా సరే కానీ, అంతకన్నా ముందు ఒక పని ఉందండి. ఈసీయూ 20 అంటే క్రాంక్ దగ్గర నిజంగా 20 అవుతోందా? ఇది తేలకుండా టేబుల్ ముట్టుకోవద్దు.

మొదట టీడీసీ గుర్తు. పాత పుల్లీల్లో లోపలి రబ్బరు జారి, బయటి రింగు తిరిగిపోతుంది. గుర్తును నమ్మకండి. ఒకటో సిలిండర్ ప్లగ్గు రంధ్రంలో పిస్టన్ స్టాప్ బిగించి, బ్యాటరీ తీగ ఊడదీసి, ఇంజన్‌ని పానాతో చేత్తోనే ఒకవైపు ఆగేదాకా తిప్పి గీత గీయండి. రెండోవైపు తిప్పి ఇంకో గీత. రెంటికీ సరిగ్గా మధ్యలోది టీడీసీ. పుల్లీ వ్యాసం 130 మి.మీ. అయితే ఒక డిగ్రీ అంటే 1.13 మి.మీ. మాత్రమే. లావు మార్కర్‌తో 2 మి.మీ. గీత గీస్తే దాదాపు రెండు డిగ్రీలు అందులోనే పోతాయి. సన్నటి రంపపు గాటు పెట్టి తెల్ల రంగు పుయ్యండి.

తర్వాత ఈసీయూలో టైమింగ్‌ని 10 డిగ్రీలకు లాక్ చేసి, టైమింగ్ లైట్ వేసి, ట్రిగ్గర్ ఆఫ్‌సెట్ (చక్రంలో ఖాళీ పన్నుకీ టీడీసీకీ మధ్య డిగ్రీలు) సరిచేయండి. మీది వేస్టెడ్ స్పార్క్ కాబట్టి ఒక జాగ్రత్త. వెనక చక్రం తిప్పి డిగ్రీలు చూపించే లైట్లు రెండు చుట్లకు ఒక స్పార్క్ అని లెక్కేస్తాయి. మీ కాయిల్ ప్రతి చుట్టుకీ స్పార్క్ ఇస్తుంది. అసలు 10 ఉంటే ఆ లైట్ మీద 20 వస్తుంది. లైట్‌లో టూ-స్ట్రోక్ మోడ్ ఉంటే అది పెట్టండి, లేకపోతే చక్రాన్ని సున్నా మీద ఉంచి పుల్లీ మీదే 10 డిగ్రీల గుర్తు చూడండి.

ఐడిల్‌లో కుదిరాక 4000 దాకా లేపి మళ్లీ చూడండి. గుర్తు కదలకూడదు. కదిలితే రెండు అనుమానాలు: క్రాంక్ సెన్సర్ తీగలు తారుమారు కావడం, లేదా సెన్సర్ సర్క్యూట్‌లో ఆలస్యం. 6000 ఆర్పీఎంలో ఒక డిగ్రీ అంటే 28 మైక్రోసెకన్లే, 50 మైక్రోసెకన్ల ఆలస్యం ఉంటే పైన దాదాపు రెండు డిగ్రీలు మాయం. తీగలు తారుమారైతే ఇంజన్ స్టార్ట్ అవుతుంది, ఐడిల్‌లో బాగానే ఉంటుంది, పైకి వెళ్లేకొద్దీ టైమింగ్ జారుతుంది. 5500 పైన ఊపు లేదన్నారు కదా, ఇది తప్పక చూడండి. తీగలు సరిచేశాక మిగిలిన తేడాని ఈసీయూలో లేటెన్సీ (సిగ్నల్ ఆలస్యం) దగ్గర దిద్దుకోవాలి.

ఇంకొకటి. హెడ్ 0.8 మి.మీ. దించితే బెల్టు లాగే వైపు పొడవు తగ్గి, కామ్ వెనక్కి తిరుగుతుంది. మీ కొలతల్లో అది క్రాంక్ మీద ఒకటిన్నర డిగ్రీ దాకా ఉండొచ్చు. మీ స్పార్క్ క్రాంక్ చక్రం నుంచి వస్తోంది కాబట్టి ఇగ్నిషన్ మారదు, కామ్ టైమింగ్ మాత్రం వెనకబడుతుంది, కింది టార్క్ కొంచెం తగ్గుతుంది. డిస్ట్రిబ్యూటర్ కామ్‌కి ఉన్న ఇంజన్లలో అయితే రెండూ కలిసి వెనకబడతాయి. సర్దుబాటు కామ్ పుల్లీ వేయించేటట్టయితే టైమింగ్ ట్యూన్ కన్నా ముందే వేయించండి, తర్వాత వేస్తే పనంతా మళ్లీ మొదటికి వస్తుంది.

లంక_టర్బో:

రోడ్డు మీద తేల్చే పద్ధతి చెప్తాను. మన డెల్టా రోడ్డు బల్లపరుపు, క్రూజ్ గడులకు ఇంతకన్నా మంచి చోటు ఉండదు. ఆ పనే ముందు పూర్తి చేసుకోండి. గాలి లేని పూట, టాప్ గేరులో 70 దగ్గర స్పీడు నిలకడగా పట్టుకోండి. లాప్‌టాప్ దగ్గర ఇంకొకరు కూర్చోవాలి, నడిపేవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు. ఆ గడికీ చుట్టుపక్కల గడులకీ 2 డిగ్రీలు కలిపి, అదే స్పీడుకి మ్యాప్ సెన్సర్ (ఇన్‌టేక్ ప్రెషర్ కొలిచేది) ఎంత చూపిస్తోందో చూడండి. 44 నుంచి 42 కిలోపాస్కల్‌కి దిగితే, తక్కువ గాలితో అదే పని అవుతోందన్నమాట. ఇంకో 2 కలపండి. అంకె దిగడం ఆగిన చోట 1–2 డిగ్రీలు వెనక్కి వచ్చి వదిలేయండి. ల్యాంబ్డా (పెట్రోల్ పూర్తిగా మండడానికి కావాల్సిన గాలితో పోలిస్తే ఎంత గాలి ఉందో చెప్పే అంకె) 1.0 దగ్గర కదలకుండా ఉండాలి. మిక్చర్ మారితే మంట వేగమూ మారుతుంది, మీ కొలత చెడుతుంది.

ఫుల్ థ్రాటిల్‌కి సమయమే మీ డైనో. కింది భాగానికి మూడో గేరులో 2500 నుంచి 3500, పై భాగానికి రెండో గేరులో 4000 నుంచి 6000. పట్టిన సమయాన్ని లాగ్‌లో సెకనులో వందో వంతు దాకా చదవండి. రెండో గేరులో 6000 అంటే 80 స్పీడు దరిదాపే, అంతకు మించి అక్కర్లేదు. రెండు దిక్కుల్లోనూ చేసి సగటు తీయండి, కాలవ గట్టు మీద ఎదురుగాలి ఒక్కటే పదో వంతు సెకను మింగేస్తుంది. చోటు ఎంచుకోవడంలో పట్టింపుగా ఉండండి. 216 జాతీయ రహదారి మీద ఊళ్లు దగ్గరదగ్గర, రొయ్యల మేత లారీలు, దాళ్వా కోతలప్పుడు రోడ్డు పక్కన ఆరబోసిన ధాన్యం. అలాంటి చోట ఈ పని వద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మార్పులు చేసిన బండ్ల గురించే, అదీ దృష్టిలో పెట్టుకోండి.

అడ్వాన్స్ 2 డిగ్రీల చొప్పున పెంచండి. సమయం తగ్గడం ఆగితే ఎంబీటీ దొరికింది. ఆగకముందే నాకింగ్ వస్తే ఆ గడికి నాకింగే హద్దు, వచ్చిన చోటు నుంచి 3 డిగ్రీలు వెనక్కి. ప్రతి గడికీ ఈ రెంటిలో ఏది ముందు వచ్చిందో పక్కన రాసుకోండి. పెట్రోల్ మారినా, ఎండ మారినా కదపాల్సింది నాకింగ్ హద్దు ఉన్న గడులనే.

నాకింగ్‌ని చెవితో పట్టుకోవడానికి, అర అడుగు రాగి గొట్టం కొస చదును చేసి, రంధ్రం వేసి ఇంజన్ బ్లాక్ బోల్టుకి బిగించండి. రెండో కొసకి రబ్బరు ట్యూబు వేసి చెవి మఫ్‌లోకి. ఇది పక్క సీటులో కూర్చున్న మనిషికే. నాకింగ్ సెన్సర్ పెడితే 74 మి.మీ. బోర్‌కి ఫిల్టర్ సుమారు 7.7 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టండి. ఇంజన్‌లో వాల్వుల మోత కూడా ఉంటుంది, అందుకని మొదట బాగా రిటార్డ్ చేసిన టేబుల్‌తో ఆర్పీఎం వారీగా మామూలు శబ్దం ఎంతో రికార్డు చేసి, దాని పైన హద్దు గీయండి.

ఫుల్ థ్రాటిల్‌లో ల్యాంబ్డా 0.87 దగ్గర ఉంచండి. మీటర్ ఏఎఫ్ఆర్ (గాలి-పెట్రోల్ నిష్పత్తి) చూపిస్తుంటే ల్యాంబ్డాకి మార్చుకోండి. ఈ20కి పూర్తిగా మండే నిష్పత్తి 13.5 దరిదాపుల్లో ఉంటుంది, 14.7 కాదు. పెట్రోల్ స్కేలుతో ఈ20 అంకెలు చూసి తికమక పడేవాళ్లు చాలామంది.

పాలకొల్లు_ఎస్టీమ్:

ధన్యవాదాలండీ అందరికీ. సెన్సర్ తీగలు తారుమారుగానే ఉన్నాయి. 4000 దగ్గర లైట్‌లో గుర్తు 6 డిగ్రీలు జారుతోంది. తీగలు మార్చి, లేటెన్సీ దిద్దాక ఇప్పుడు కదలడం లేదు. గౌతమి అన్న ఇచ్చిన టేబుల్‌తో మొదలుపెడితే వచ్చిన అంకెలివి, ఉదయం పూట, ఇన్‌టేక్ గాలి 31 డిగ్రీలు.

మూడో గేరు, 2500–3500: 17 డిగ్రీలకు 3.42 సెకన్లు, 19కి 3.31, 21కి 3.28. 23కి నాకింగ్ సెన్సర్ హద్దు దాటింది, చెవికీ వినిపించింది, అక్కడితో ఆపేశాం.

రెండో గేరు, 4000–6000 (డిగ్రీల అంకె 6000 దగ్గరది): 24కి 2.84, 26కి 2.77, 28కి 2.73, 30కి 2.73, 32కి 2.74. నాకింగ్ ఎక్కడా లేదు.

క్రూజ్‌లో 36 దాటాక మ్యాప్ దిగడం ఆగింది. ఇప్పుడు 3000కి 21 పెట్టేయవచ్చా? పైన 30 ఉంచాలా? 100 ఆక్టేన్ పెట్రోల్ పోస్తే అన్నిచోట్లా పెంచుకోవచ్చని ఒకరు అంటున్నారు.

గౌతమి_గట్టు:

3000కి 21 వద్దు, 20 పెట్టండి. 19 నుంచి 21కి దొరికింది మూడు వందో వంతుల సెకను. 21 నుంచి నాకింగ్‌కి ఉన్న దూరం రెండు డిగ్రీలే. మీరు కొలిచింది ఉదయం 31 డిగ్రీల గాలితో. రోహిణి కార్తె మధ్యాహ్నం, నలుగురు ఎక్కి, ఏసీ వేసుకుని, రావులపాలెం వంతెన ఎక్కుతుంటే ఆ రెండు డిగ్రీలు మిగలవు. పైన 28 చాలు. 28కీ 30కీ ఒకే సమయం వస్తే ఎప్పుడూ చిన్న అంకే తీసుకోవాలి. ఎక్కువ పెట్టి లాభం లేకపోగా సిలిండర్ ప్రెషర్ పెరుగుతుంది, హెడ్ ప్యాకింగ్ మీద భారం పడుతుంది. క్రూజ్‌కి 35.

ఆక్టేన్ సంగతికి మీ అంకెల్లోనే జవాబు ఉంది. 5500 దగ్గర మీ ఇంజన్‌కి హద్దు ఎంబీటీ. అక్కడ 100 ఆక్టేన్ పోసి 34 పెట్టినా టార్క్ తగ్గడమే. పనికొచ్చేది 2500–3500 మధ్య మాత్రమే, అక్కడా 20 బదులు 22 పెట్టుకోగలరు, అంతే. ఆ రెండు డిగ్రీల కోసం ప్రతి ట్యాంకుకీ అంత ధర అనవసరమని నా అభిప్రాయం. పైగా ఆ పెట్రోల్ ప్రతి పంపులోనూ ఉండదు. ఒకసారి దానికి ట్యూన్ చేసి, తర్వాత మామూలుది పోస్తే నాకింగ్ వచ్చి పిస్టన్ మీద రింగుల మధ్య గట్టు విరగొచ్చు. ఎథనాల్ వల్ల ఈ20కే ఆక్టేన్ బాగుంటుంది, 10.3 కంప్రెషన్‌కి అది సరిపోతుంది. అయితే వానాకాలంలో బండి నెలల తరబడి షెడ్డులో ఉంటే ట్యాంకులోకి తేమ చేరి, ఎథనాల్ నీటితో కలిసి అడుగుకి దిగొచ్చు. పైన మిగిలిన పెట్రోల్ ఆక్టేన్ తక్కువది. అలాంటిది తోడేసి కొత్తది పోయాకే ఫుల్ థ్రాటిల్ తొక్కండి. పాత రబ్బరు పైపులు, ఫిల్టర్ కూడా చూడండి. పెట్రోల్ ప్రెషర్ పడిపోతే మిక్చర్ లీన్ అయి (పెట్రోల్ వాటా తగ్గి) నాకింగ్ వస్తుంది, అందరూ టైమింగ్‌ని తిడతారు.

లంక_టర్బో:

ఎండ సంగతి ఈసీయూకే అప్పగించండి. ఇన్‌టేక్ గాలి వేడికి దిద్దుబాటు టేబుల్ ఉంటుంది. 40 డిగ్రీల దాకా సున్నా, 50కి ఒక డిగ్రీ తగ్గింపు, 60కి 3, 70కి 5. ఇది 80 కిలోపాస్కల్ పైన మాత్రమే పనిచేయాలి, క్రూజ్‌లో తగ్గిస్తే మైలేజీ పోతుంది. కూలెంట్ 98 దాటితే 2, 104 దాటితే 4. గాలి వేడి కొలిచే సెన్సర్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ లోహానికి బిగించి ఉంటే రైలు గేటు దగ్గర పది నిమిషాలు ఆగగానే 65 చూపిస్తుంది, గేటు ఎత్తాక బండి లాగదు. ఫిల్టర్‌కీ థ్రాటిల్‌కీ మధ్య గొట్టంలో పెట్టండి.

తేమ గురించి కూడా ఒక మాట. 32 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజు గాలిలో దాదాపు 3.8 శాతం చోటు నీటి ఆవిరిదే. అంత మేర ఆక్సిజన్ తగ్గి ఇంజన్ బలం తగ్గుతుంది, మంట మందగిస్తుంది, నాకింగ్ కూడా దూరం జరుగుతుంది. ముసురు పట్టిన రోజున ట్యూన్ చేస్తే ఇంజన్ ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ తట్టుకున్నట్టు కనిపిస్తుంది. ఆ అంకెలు పొడి ఎండలో పనికిరావు. ఫుల్ థ్రాటిల్ గడులు వేసవిలో, మధ్యాహ్నం వేడికి ఇంకోసారి సరిచూసుకోవాలి.

వశిష్ట_16వాల్వ్:

ప్లగ్గుల మాట ఎవరూ ఎత్తలేదు. ఎన్‌జీకేలో అంకె పెరిగితే ప్లగ్గు చల్లనిది, బాష్‌లో పెరిగితే వేడిది. రెండూ ఒకటే అనుకుని కొనకండి. మీ కంప్రెషన్‌కి ఎన్‌జీకే 6 బదులు 7 వేయండి, గ్యాప్ 0.8 మి.మీ. ప్లగ్గు కొన ఎర్రగా కాలి, స్పార్క్ రాకముందే మిక్చర్ అంటుకుంటే అది ప్రీ-ఇగ్నిషన్. దానికి టైమింగ్ తగ్గించినా ఆగదు, పిస్టన్‌కి రంధ్రం పడేదాకా చప్పుడు కూడా చేయకపోవచ్చు. ఫుల్ థ్రాటిల్ లాగాక క్లచ్ తొక్కి, ఇంజన్ ఆపి ప్లగ్గులు విప్పండి. తెల్ల పింగాణీ మీద మిరియప్పొడి లాంటి నల్ల చుక్కలు గానీ, మెరిసే అల్యూమినియం రేణువులు గానీ కనిపిస్తే సెన్సర్ ఏం చెప్పినా ఆ గడి నుంచి 3 డిగ్రీలు తీసేయండి.

కాయిల్ డ్వెల్ (స్పార్క్‌కి ముందు కాయిల్‌లో కరెంటు నిండే సమయం) 14 వోల్టుల దగ్గర 3 మిల్లీసెకన్లతో మొదలుపెట్టి, 11 వోల్టులకు 4.5 దాకా పెంచండి. ఎక్కువైతే కాయిల్ మాడుతుంది, తక్కువైతే పైన మిస్‌ఫైర్ అవుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి ప్లగ్గు తీగల కొసలూ ఎర్త్ బోల్టులూ పచ్చగా చిలుము పడతాయి. ఇంజన్ బ్లాక్ నుంచి బాడీకి ఎర్త్ తీగ ఒకటి కొత్తది వేసి, కొసలకి గ్రీజు రాయండి. ఎర్త్ సరిగా లేకపోతే క్రాంక్ సెన్సర్ సిగ్నల్‌లో గోల చేరి ఈసీయూ చక్రం పళ్ల లెక్క తప్పుతుంది, ఒక్కసారి 10 డిగ్రీలు ఎగిరిన స్పార్క్ కూడా పడొచ్చు.

ఐడిల్‌కి చివరిగా: 900 మీద నిలవాలంటే ఆ గడిలో 13, 800లో 16, 1100లో 9 పెట్టండి. ఆర్పీఎం పడితే అడ్వాన్స్ పెరిగి లేపుతుంది, ఎగిరితే తగ్గి దించుతుంది. 264 కామ్‌కి గాలి వాల్వు ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏసీ వేసినప్పుడల్లా ఊగుతూనే ఉంటుంది.